మనాంగ్ సెవెరీనా ఇంటి పదిహేడు పనులు

అద్దె పుచ్చుకుని, ఆ పైన అతిథుల చేతే ఇల్లు ఊడిపించే మనిషిని మా కొండ ఊరు బాగియోలో ఒక్కావిడనే చూశాను. ఆవిడ మనాంగ్ సెవెరీనా. మాలో పెద్దది కాబట్టి అందరం మనాంగ్ అనేవాళ్ళం, అక్క అన్నట్టు. తన ఇంటి మేడ సెలవులకి వచ్చేవాళ్ళకి రెండు మూడు రోజుల లెక్కన ఇచ్చేది. తలుపు వెనక ఒక కాగితం. ఖాళీ చేసేముందు దుప్పట్లు తీసి మడవాలి, గిన్నెలు తోమాలి, స్నానాలగదిలో వెంట్రుకలు ఏరాలి. నేను ఆవిడ దగ్గర పనిమనిషిగా చేరేనాటికి ఆరు పనులు. నాలుగేళ్ళలో పదిహేడయ్యాయి.

కొత్త దంపతుల చేత కిటికీ అద్దాలు తుడిపించి, పెళ్ళికొడుకు తుడిచినవి బాగాలేవని పెళ్ళికూతురి ఎదుటే తేల్చేసింది.

అతిథులు వెళ్ళాక నాకు మిగిలేది పక్కలు పరవడం. జీతం మాత్రం పూర్తిగా ఇచ్చేది. నా పని మీద నమ్మకం లేదు కాబోలని లోపల కుమిలేదాన్ని.

అంతకుముందు నేనూ మనాంగూ ఒకే హోటల్లో పనిచేసేవాళ్ళం. నేనూ, నా తోటి పనిమనిషి హెర్మీనియా గదులు శుభ్రం చేసేవాళ్ళం, రోజుకి తలా పదహారు. మనాంగ్ మా మీద అజమాయిషీ. ఒక ఏడాది ఈస్టర్ ముందు పవిత్రవారం రద్దీలో మనిషి తక్కువై హెర్మీనియాకి ఇంకో నాలుగు గదులు అప్పగించింది. పంతొమ్మిదో గదిలో పరుపు ఎత్తుతూ పడిపోయిన హెర్మీనియా మళ్ళీ లేవలేదు. రాత్రికి ఆ గదిలో వేరేవాళ్ళు దిగారు. ఆ పక్క మార్చింది నేనే. నెల తిరక్కుండా మనాంగ్ ఉద్యోగం మానేసింది. ఆ మాట మేం ఎన్నడూ ఎత్తలేదు.

ఈమధ్య మనీలా నుంచి ఒక దంతవైద్యుడి భార్య వచ్చింది. కాగితం చదివి మండిపడింది.

"హోటల్లో అయితే తువ్వాళ్ళు కింద పడేసి వెళ్ళిపోతాం, తెలుసా?"

"పడేస్తారు. వంగి తీసేదెవరో ఎప్పుడైనా చూశారా?" అంది మనాంగ్.

డాక్టరుగారి భార్య ఇంటికెళ్ళి ఆన్‌లైన్‌లో దుమ్మెత్తిపోసింది. మూడు వారాలపాటు ఒక్కరూ రాలేదు. ఆ కాగితం తీసెయ్యమని, అంతా నేనే చేసుకుంటానని బతిమాలాను. మనాంగ్ వినలేదు. నేనే చింపేద్దామని మేడ ఎక్కాను.

మొదటిసారి వరసగా చదివాను. ఏడోది, తడి తువ్వాళ్ళు కిందికి మోయడం. అది నా నడుము పట్టేసిన నెలలో చేరింది. పదకొండోది కర్టెన్లు విప్పడం, నా భుజం పైకి లేవని ఏడాదిది. పద్నాలుగోది మెట్లు ఊడవడం. అది నా మోకాలు.

చింపకుండానే దిగాను. మనాంగ్ వంటింట్లో చిక్కుళ్ళు తుంచుతోంది.

"ఇవన్నీ నా రోగాలే కదా మనాంగ్?"

"నీ మొహం. నాకు దుమ్ము పడదు."

కాసేపు చిక్కుళ్ళు తుంచింది. తర్వాత తల ఎత్తకుండానే అంది: "నడుం ఎలా ఉందే అని హెర్మీనియాని ఆ రోజు అడగలేదు."

నేనూ పక్కన కూర్చుని తుంచాను.

ఆ వారమే ఒక రిటైరైన జడ్జిగారు దిగారు. అప్పటికి కాగితంలో పద్దెనిమిదోది చేరింది: వెళ్ళేముందు పనిమనిషికి కాఫీ కలిపి ఇవ్వాలి. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, మారు మాట లేకుండా కలిపి తెచ్చారు. మనాంగ్ నా చేతిలోంచి కప్పు లాక్కుని ఒక గుక్క తాగింది.

"చక్కెర తక్కువైంది. మళ్ళీ కలపండి."