దుప్పి కొమ్ముల మీది నలుపు

రాతి మీద గీసిన బొమ్మల వయసు కనిపెట్టే పని చేస్తానంటే మా తెనాలిలో ఎవరూ నమ్మరు. పాసింజరు రైల్లో పక్కన కూర్చున్నావిడ "మన వైపు రాళ్ళెక్కడున్నాయండీ?" అని అడుగుతుంది. నిజమే, మాది ఒండ్రు నేల. పలుగు దింపితే మట్టి, ఇంకాస్త లోతుకు పోతే నీళ్ళు. కొండ చూడాలంటే పడమటికి బస్సెక్కాలి. ఆవిడ అంతటితో ఊరుకోదు. "ఇంతకీ ఎన్నేళ్ళవండీ ఆ బొమ్మలు?" అంటుంది. ఈ ఒక్క ప్రశ్న నన్ను అరగదీసేసింది. తెలియదండీ అంటే, మరి నీకు జీతమెందుకు అన్నట్టు చూస్తారు.

బాపట్లలో ఒక కాలేజీ ల్యాబులో రసాయన పరీక్షలు చేస్తాను. పొద్దున్నే తెనాలిలో రైలెక్కుతాను, చీకటి పడే వేళకు ఇల్లు చేరతాను. ఈ పనిలోకి నన్ను లాగింది రేపల్లెలో ఉండే మా సార్. బళ్ళో మాకు సోషల్ చెప్పేవారు. కుర్రతనంలో ఆయన సెలవులొస్తే చాలు, సంచీ తగిలించుకుని పడమటి కొండలెక్కేవారట. అలా తిరుగుతూ ఒక చరియ కింద ఎర్రటి బొమ్మలు చూశారు. కొందరు మనుషులు, ఒక పెద్ద జంతువు, దాని తల మీద చీలికలు చీలికలుగా కొమ్ములు. దుప్పి అన్నారాయన. ఇప్పుడా చుట్టుపక్కల దుప్పి అన్న మాటే లేదు, కాబట్టి ఆ బొమ్మ అడవి దట్టంగా ఉన్న రోజులది, వేల ఏళ్ళ నాటిది అని ఆయన వాదన. పండితులు ఒప్పుకోలేదు. గొర్రెల కాపరులు పొద్దుపోక గీసి ఉంటార్లే పొమ్మన్నారు. ఆ మాట ఆయనకు జీవితమంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. పోయినేడు మంచం పట్టాక నన్ను పిలిపించి, "నేనుండగా వయసు తేల్చమ్మా" అన్నారు. కాదనలేకపోయాను.

తేల్చడం అంత తేలికా? ఆ ఎరుపు జేగురు మన్ను, అంటే ఇనుము తుప్పు కలిసిన మట్టి. ఒకప్పుడు ప్రాణమున్నది కాదు గనక మట్టిని పరీక్షిస్తే బొమ్మ వయసు తెలియదు. బొగ్గయితే వేరు. చెట్టు బతికున్నన్నాళ్ళూ గాలిలోంచి ఒక రకం కార్బన్‌ను తీసుకుంటుంది. చచ్చాక అది కొద్దికొద్దిగా తరిగిపోతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పుడు చచ్చిందో చెప్పొచ్చు. దుప్పి కొమ్ముల మీద నల్లటి గీతలున్నాయి. అదృష్టమనుకున్నాను. అనుమతి తెచ్చుకుని, సన్న కత్తి మొనతో ఆవగింజంత పెచ్చులు రెండు తీశాను. ఒకటి కార్బన్ కొలిచే పెద్ద ల్యాబుకు పంపి, రెండోది నా దగ్గర ఉంచుకున్నాను.

శివరాత్రి వెళ్ళాక ఫలితం వచ్చింది. ఆ బొగ్గు నిన్నమొన్నటిది. అణుబాంబుల పరీక్షల వల్ల గాలిలో పెరిగిపోయిన ఆ రకం కార్బన్ అందులో ఉంది. అంటే సార్ పుట్టాక పెరిగిన చెట్టుది.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే అనుకుంటూ, రెండో పెచ్చును అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టాను. అడుగున రాయి. దాని మీద తెల్లటి ఉప్పు పొర, మా పాతిళ్ళ గోడలకు తేలుతుందే, అలాంటిది. ఆ పొర మీద నలుపు. ఎరుపు ఎక్కడా లేదు. కొండ దగ్గర తీసుకొచ్చిన ఫోటోలను కంప్యూటర్లో పెట్టి ఎరుపును పెంచి చూశాను. జంతువు ఒంటి మీద ఎరుపు ఉప్పు పొర కింద స్పష్టంగా ఉంది. అంత పొర పేరుకోవాలంటే చాలా ఏళ్ళు పట్టాలి, కాబట్టి అది నిజంగానే పాతది. ఎంత పాతదో చెప్పడానికి ఆ పొర కూడా పనికిరాదు, నిండా దుమ్ము కలిసిపోయింది. కొమ్ముల దగ్గర మాత్రం నలుపు తప్ప ఏమీ లేదు.

సార్ దగ్గరికి వెంటనే వెళ్ళలేదు. కాలేజీలో పరీక్షలన్నాను, ఎండలన్నాను. ఫోన్ చేస్తే ఇంకా రాలేదండీ అన్నాను. తొలకరి పడ్డాక చెప్పడానికి సాకులు కూడా మిగల్లేదు. ఒక ఆదివారం రేపల్లె బండెక్కాను.

సార్ బాగా చిక్కిపోయారు. వాళ్ళావిడ నాకు మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళారు.

"వచ్చిందా అమ్మా?" అన్నారు సార్.

"వచ్చింది సార్. ఆ బొగ్గు కొత్తది. మీ రోజులదే."

సార్ నెమ్మదిగా, "ఆ కొమ్ములు కెమెరాలో పడేవి కాదమ్మా" అన్నారు. "మరీ వెలిసిపోయినై. ఎన్నిసార్లు తీసినా అంతే. వంట చేసుకున్న పొయ్యిలోంచి పుల్ల తీసి దిద్దాను. ఉన్నదాని మీదే దిద్దానమ్మా."

నాకు ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పొచ్చుగా సార్!"

"అప్పటికే నవ్వుతున్నారు. ఇదీ చెప్తే మొత్తం నేనే గీశానంటారు."

కోపం ఎంతోసేపు నిలవలేదు. దానికీ ఓపిక ఉండాలి కదా. "ఒంటి మీద ఎరుపు పాతదే సార్. కొమ్ముల కింద మాత్రం ఎరుపు లేదు" అన్నాను.

"సరిగ్గా చూశావా?"

"చూశాను సార్. అన్ని రకాలుగా చూశాను."

"మరి నాకు కనిపించినయ్యేంటమ్మా?"

ఆయన అబద్ధమాడటం లేదు. వెలిసిపోయిన ఆ రాతి మీద ఆయనకు నిజంగానే కొమ్ములు కనిపించాయి. కనిపించినదాన్నే దిద్దారు, దిద్దినదాన్నే నమ్ముకుని బతికారు. ఆ మనిషి మీద నాకు జాలి వేసింది. ఆ జాలి ఆయన కంటపడకూడదని మజ్జిగ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను.

"అయితే దుప్పి కాదన్నమాట."

"ఆవు కావచ్చు సార్, ఇంకేదైనా కావచ్చు. తెలియదు."

"రాస్తావా ఇదంతా?"

"రాయాలి సార్."

"ఇంకొన్నాళ్ళు ఆగి రాయకూడదామ్మా?"

"ఆగాను సార్. ఎండాకాలమంతా ఆగాను."

అలసటలో నోరు జారింది. ఆయన నా మొహంలోకి చూశారు. ఇది వినకుండానే తను కన్నుమూస్తారని ఆగానని ఆయనకు అర్థమైంది.

"అయితే ఆలస్యం చేసింది నేనన్నమాట" అని నవ్వారు. నేను ఏడ్చేశాను.