పడుకుంది సార్, సచ్చిపోలేదు

కనకని నేను తిట్టని రోజు లేదు. జీతం ఇస్తున్నది దానికేనేమో అన్నట్టు ఆరేళ్లు తిట్టాను. నా పేరు వరహాలరావు, మాది చోడవరం. కరెంటాఫీసులో రిటైరయ్యాక, కొండ పాటలు భద్రపరిచే ఒక చిన్న సంస్థకి మేనేజరునై అరకులోయ వచ్చాను. నా నోరు మంచిది కాదని మా ఆవిడ నూకరత్నం పెళ్లైన నెలకే తేల్చేసింది. సంస్థ అంటే ఏముంది, ఒక గది, ఒక టేప్‌రికార్డరు, ఒక ముసలి కంప్యూటరు, కనక.

కనకది దుంబ్రిగుడ అవతల కొండమీది ఊరు. పదో తరగతి చదివింది. ఇక్కడికి రాకముందు పదేళ్లు ఆశా కార్యకర్తగా చేసింది. దగ్గుతున్న పసిబిడ్డ దగ్గర కూర్చుని నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టేది. ఒక ఊపిరికి ఒక చింతగింజ పక్కన పెట్టేది. బిడ్డని లేపేది కాదు. లేపితే ఏడుస్తుంది, ఏడిస్తే లెక్క తప్పుతుంది. "మొకం సూడకూడదు సార్, పొట్ట సూడాలి" అనేది. నాకెందుకే ఆ గోల అనేవాణ్ణి.

ఇక్కడ ఆమె పని, పాత కేసెట్లు వేసి వాటిలోని పాటలని కంప్యూటర్లోకి ఎక్కించడం. విశాఖపట్నం నుంచి మణిదీప్ అనే కుర్రాడు వచ్చి ఆ కంప్యూటరు పెట్టి వెళ్లాడు. వెళ్తూ కనకకి నల్లతెర మీద అక్షరాలు కొట్టి పని చేయించడం నేర్పాడు. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకీ ఒక నంబరు ఉంటుందట. నల్లతెర మీద ఆ నంబరు కొట్టి అడిగితే అది ఏ స్థితిలో ఉందో, ఎంత మెమరీ తింటోందో చెబుతుందట. పని చేస్తుంటే ఒక అక్షరం, పడుకుని ఉంటే ఒకటి. చచ్చిపోయి కూడా జాబితాలోంచి పోనివాటికి ఇంకొకటి. తనని పుట్టించిన తల్లి ప్రోగ్రాము వచ్చి చూసుకునేదాకా అవి అలాగే ఉంటాయట. "దినాలు చెయ్యనోళ్లలాగన్నమాట" అంది కనక. మణిదీప్ నవ్వి అవునన్నాడు.

పోయినేడు ఒక రేకుపెట్టె వచ్చింది. ముప్పై ఏళ్లకిందట ఈ కొండలన్నీ తిరిగి పాటలు రికార్డు చేసిన ఒక మాస్టారు పోతే, ఆయన కూతురు పంపింది. అందులో ఒక కేసెట్టు మీద కనక వాళ్ల ఊరి పేరు, కింద ఆడవాళ్ల పేర్లు ఉన్నాయి. మొదటి పేరు యర్రమ్మ. యర్రమ్మ కనక తల్లి. కనకకి నాలుగేళ్లప్పుడు జ్వరంతో పోయింది. ఫొటో లేదు. గొంతు ఎలా ఉండేదో కనకకి గుర్తులేదు. ఇదంతా మీకు ముందే చెబుతున్నాను. నాకు మాత్రం ఆమె చెప్పలేదు. నేను ఎలాంటివాణ్ణో ఆమెకి తెలుసు మరి.

ఆ కేసెట్టుకి బూజు పట్టింది. తిరుగుతుంటే టేపు మీది గోధుమరంగు పూత పొడిగా రాలిపోతోంది. అలాంటివి ఒక్కసారే పాడతాయని నాకు తరవాత తెలిసింది. రెండోసారి వేస్తే గరగర తప్ప ఏమీ మిగలదు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం కనక దాన్ని వేసింది. ఎక్కించేటప్పుడు స్పీకరు పెట్టదు. బయట వాన. పావుగంటకి కరెంటు పోయింది, ఇన్వర్టరు అందుకుంది. ఇంకో పది నిమిషాలకి రికార్డు చేస్తున్న కిటికీ తెర మీద బూడిదరంగులోకి తిరిగిపోయింది. గీతలు కదలడం లేదు. ప్రోగ్రాము పలకడం లేదు, మూసేయమంటారా అని ఒక చీటీ వచ్చింది.

"మూసీయే. మళ్లీ మొదట్నించి ఎక్కించుదాం. ఇన్వర్టరు గంట కూడా రాదు" అన్నాను.

"ఒద్దు సార్."

"ఒద్దేటి? సచ్చిందది."

కనక నల్లతెర తెరిచి ఏదో కొట్టింది. వరసలు పడ్డాయి. నాకూ కాస్త ఇంగ్లీషు వచ్చు. స్థితి అన్నచోట 'స్లీపింగ్' అని ఉంది. నాకు ఒళ్లు మండింది. ముప్పై రెండేళ్లు సర్కారు ఆఫీసులో పనిచేసినవాణ్ణి, పనివేళ పడుకున్నవాడంటే నాకు ఒకటే అర్థం.

"అదిగో, అదే ఒప్పుకుంటంది పడుకున్నానని" అని మౌసు మీద చెయ్యి వేశాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆరేళ్లలో ఎప్పుడూ నాకు ఎదురు చెప్పని మనిషి.

"పడుకుంది సార్, సచ్చిపోలేదు" అంది. "పాట ముక్క వచ్చినప్పుడల్లా లేసి తీసుకుని మళ్లీ పడుకుంటాది. మనం సూసినప్పుడల్లా పడుకునే కనిపిస్తాది." తరవాత, నా వైపు చూడకుండా, "ఇందులో మా అమ్మ ఉంది సార్" అంది.

నా చెయ్యి నేనే తీసేశాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

కనక చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టింది. ఆ ప్రోగ్రాము తింటున్న మెమరీ అంకె చూసి రిజిస్టరు వెనక అట్టమీద రాసింది. ఒక నిమిషం ఆగి మళ్లీ చూసింది. పది ఎంబీలు పెరిగింది. ఇంకో నిమిషానికి ఇంకో పది.

"ఊపిరాడతంది" అంది.

గొంతులన్నీ ఆ మెమరీలోనే చేరుతున్నాయి, డిస్కులోకి దిగడం లేదు. నేను మూసేసి ఉంటే మెమరీతోపాటే పోయేవి. ఇది అర్థమయ్యాక మౌసుని ఆమె వైపు జరిపేశాను.

అంతలో కనక మొహం మారింది. కంప్యూటర్లో ఖాళీగా ఉన్న మెమరీ నూట యాభై. టేపు ఇంకా ఇరవై నిమిషాలుంది. నిమిషానికి పది చొప్పున రెండువందలు కావాలి. చాలకపోతే కంప్యూటరే తనకి తోచినదాన్ని చంపేస్తుందట. ఎవరు ఎంత తింటున్నారో వరసగా పెట్టింది.

"సార్, ఇదేటి, ఇదొక్కటే ఆరొందలు తినేస్తంది?"

చూశాను. పొద్దున్న నేనొక పాత జానపద సినిమా డౌన్‌లోడ్ పెట్టి మరిచిపోయాను. అది మెమరీనీ తింటోంది, డిస్కునీ నింపేసింది. డిస్కు నిండబట్టే పాటలు దిగడం లేదు. ఆరేళ్లుగా ఆమెని బద్ధకస్తురాలా అని తిట్టిన పెద్దమనిషి చేసిన నిర్వాకం ఇది.

"నాదే" అన్నాను.

"ఆపమంటారా సార్?" అని అడిగింది. అప్పుడు కూడా అడిగింది చూడండి. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"బేగి ఆపీయే తల్లీ" అన్నాను.

ఆ నంబరు కొట్టి ఆపింది, సగం దిగిన సినిమాని చెరిపేసింది. కిటికీ ఇంకా బూడిదరంగులోనే ఉంది. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. ఆమె నిమిషానికొకసారి అంకె రాస్తోంది. నేను ఇన్వర్టరు దీపం చూస్తున్నాను. ఒకసారి నాకు తెలియకుండానే దానికి దండం పెట్టాను. ఏడో అంకె రాస్తుండగా కిటికీకి రంగు వచ్చింది, గీతలు కదిలాయి. టేపు చివరిదాకా నడిచి టక్కుమని ఆగింది. కనక దాన్ని భద్రం చేసింది. రెండు చోట్ల చేసింది, ఒకటి పెన్‌డ్రైవులో. తరవాత గడియారం చేతికి కట్టుకుంది.

"ఇను" అన్నాను.

స్పీకరు పెట్టింది. ధింసా ఆటకి పాడే పాట. ఆరుగురు ఆడవాళ్లు కలిసి పాడుతున్నారు. అందులో యర్రమ్మ గొంతు ఏదో కనకకి తెలియదు. తల పక్కకి వంచి ఒక్కొక్క గొంతూ వెతుక్కుంటోంది. పాట తరవాత పాట వెళ్లిపోయింది. ఇంత కాపాడీ అందరిలో ఒకరుగానే మిగిలిపోతుందేమో ఈ పిల్లకి తల్లి, అనుకున్నాను.

ఒక పాట అయ్యాక నవ్వులు వినిపించాయి. ఎవరో ఏదో అన్నారు. దగ్గరగా ఒక గొంతు, కాస్త బొంగురు గొంతు, మెల్లగా జవాబు చెప్పింది. అంతా వాళ్ల ఆదివాసీ ఒడియా. నా చెవిన ఒక్క మాటే పడింది, కొనొకొ.

కనక ఆపింది. వెనక్కి జరిపి మళ్లీ విన్నది. మూడోసారి వింటూ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏమందని నేనే అడిగాను.

"ఒళ్లో గుంటని దించి పక్కమీద ఎయ్యి, సెయ్యి లాగేత్తాది అని ఎవరో అంటే..." అని ఆగింది. "'కొనొకొ పడుకుంది, లేపకండి' అంది సార్."

వాళ్ల భాషలో కనక అంటే కొనొకొ. బళ్లో వేసినప్పుడు పంతులు కనక అని రాశాడట. అప్పటినుంచి ఇంటా బయటా కనకే. అమ్మ ఎలా పిలిచేదో చెప్పినవాళ్లు లేరు.

వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి, ఇకనుంచి నిన్ను అలాగే పిలుస్తాను కొనొకొ, అన్నాను.

"మీరు కనక అనే పిలవండి సార్" అంది, తెర మీంచి చూపు తిప్పకుండా. "అది మా అమ్మది."