ఒక్క సర్వరు, ఊరంతా క్యూ

ఆఫీసులో అందరికంటే చిన్నదే అయినా ఆమెను అందరూ పిన్ని అనే పిలుస్తారు. అక్క కూతురు రోజూ ఫోన్ చేసి "పిన్నీ!" అని అరిచే అరుపు పక్క గది దాకా వినిపించేది మరి. పేరు అలా అంటుకుపోయింది.

ఊరి ఈతకొలనులో పిల్లల ఈత తరగతులకు పేర్లు తీసుకునే వెబ్‌సైటుకు సర్వరు ప్రోగ్రాం రాసింది పిన్నే. ఒకసారికి ఒక్క పనే చేసే రకం. "వందలమంది ఒకేసారి మీద పడితే ఇదొక్కటీ ఏం చేస్తుందమ్మా?" అని మేనేజరు నసిగేవాడు.

"మూడు పొయ్యిల మీద ఒక్క మనిషి వండట్లేదా సార్? గిన్నె పెట్టి అక్కడే నిలబడితే కదా ఆలస్యం! ఇదీ అంతే. ఒకరి పేరు తీసుకుని, పేర్లు దాచే డేటాబేసుకి పంపిస్తుంది. జవాబు వచ్చేదాకా గుడ్లప్పగించి చూడదు, ఇంకొకళ్ళ పని అందుకుంటుంది" అనేది పిన్ని, కాస్త మిడిసిపడుతూనే.

మాట నిజమే. కానీ వేసవి సీట్లు తెరిచే ముందు మేనేజరుకు ఒక ముచ్చట పుట్టింది. పేరిచ్చిన ప్రతి పిల్లకీ ఫొటోతో రంగురంగుల కార్డు అప్పటికప్పుడు తయారవ్వాలట. చిటికెలో పని అనుకుని పిన్ని దాన్నీ ఆ సర్వరు నెత్తినే రుద్దింది. కార్డు గీయడం పొయ్యి మీద పెట్టి పక్కకు పోయే పని కాదు, దగ్గర కూర్చుని రుబ్బే పని. నలుగురికీ పాఠం చెప్పే మనిషే ఆ సంగతి మరిచిపోయింది.

సీట్లు తెరవగానే ఊరంతా విరుచుకుపడింది. సర్వరు ఒక్కో కార్డూ రుబ్బుతూ కూర్చుంది. మిగతావాళ్ళ ఫోన్లలో చక్రం తిరుగుతూనే ఉంది. మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

తన చేతి రాతే కనుక తప్పు పిన్నికి ఇట్టే దొరికింది. కార్డుల పని వేరే ప్రోగ్రాముకు అప్పగించింది. ఇక సర్వరును ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"తెరవగానే పిల్ల పేరిచ్చి నొక్కానే. చక్రం తిరుగుతోంది. ఈసారీ సీటు రాకపోతే ఇది ఇల్లు పీకి పందిరేస్తుంది. నువ్వేం ముట్టుకోకు!"

ఆపితే లోపల కాచుకున్న పేర్లన్నీ గాలికి పోతాయి, అక్క ఇచ్చిన పేరుతో సహా. ఆపకపోతే ఎవరి పనీ కదలదు.

"ఆపాలక్కా."

"నీకు చేతులెలా వస్తాయే?"

వచ్చాయి. సర్వరు మళ్ళీ లేచి చకచకా పేర్లందుకుంది. అక్క రెండోసారి నొక్కేసరికి సీట్లన్నీ అయిపోయాయి. "ఒక్కటి చాలని నేను ముందే చెప్పాగా" అని మేనేజరు ఫోన్‌లో ఎవరికో డప్పు కొట్టుకుంటున్నాడు.

డేటాబేసు పిన్ని కళ్ళ ముందే తెరిచి ఉంది. ఒక్క పేరు ఇరికిస్తే అడిగే నాథుడు లేడు. మనసు పీకింది కూడా. తన తప్పుకు ఒక పిల్ల సీటు పోయింది చాలు, ఇంకొకరి పిల్లది లాక్కోవడం ఎందుకని మూసేసింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే అక్క అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

"ఊరి పిల్లలందరికీ సీట్లిచ్చావు, సంతోషం" అంది అక్క. "లేచాక దీనికి మాత్రం నువ్వే చెప్పు, ఆపింది ఎవరో."

మేనేజరుకు అంత చక్కగా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పిన మనిషి, ఆరేళ్ళ పిల్లకు ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక మంచం అంచున కూర్చుండిపోయింది.