బొటనవేలి కింద నాడి

1887 జూన్ మొదటి వారంలో నన్ను రాజమండ్రి నుంచి రామచంద్రపురం వైపు, కాలువ గట్టు మీదున్న ఒక చిన్న ఆసుపత్రికి హాస్పిటల్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. నా పైన అసిస్టెంట్ సర్జన్ దేవసహాయంగారు, నా కింద ఒక కాంపౌండరు. కత్తి పట్టేది డాక్టరుగారు. రోగికి క్లోరోఫారం ఇచ్చి, అతని స్థితి క్షణక్షణం చెప్పవలసింది నేను. మత్తిచ్చేవాడు ఊపిరి ఒక్కటి చూస్తే చాలునా, నాడి కూడా చూడాలా అని అప్పట్లో వైద్యుల మధ్య పెద్ద వాదం నడిచేది. మా డాక్టరుగారు రెండూ చూడమనేవారు. నాకు ఇరవై ఆరేళ్ళు. మద్రాసు చదువు మీద గట్టి నమ్మకం.

ఆ నెల పదిహేడున సూరమ్మ అనే రైతు స్త్రీ తన తమ్ముడు వీరన్నను పడవలో తీసుకువచ్చింది. పసుపు గుడ్డ కట్టుకుని, తల గొరిగించుకుని ఉన్నాడు. రంగూన్ బియ్యం మిల్లులో పన్నెండేళ్ళు పనిచేసి, జబ్బుపడి ఒక బౌద్ధ మఠంలో చేరి, అక్కడి ముసలి భిక్షువు దగ్గర ఒంట్లోని భాగాలను ఒక్కొక్కటే తలుచుకునే ధ్యానం నేర్చుకుని ఆ వేసవిలోనే ఊరికి తిరిగివచ్చాడట. కాలువ నీళ్ళు నిలిచిన చేలో నడుస్తుంటే కుడికాలిలో జెల్లచేప ముల్లు దిగింది. రెండు వేళ్ళు నల్లబడి కుళ్ళాయి. అవి ఆ రోజే తీసేస్తే పాదం దక్కుతుంది. ఆలస్యమైతే కాలే పోతుంది, ఆపైన మనిషీ దక్కకపోవచ్చు.

డాక్టరుగారు గొట్టం పెట్టి గుండె విన్నారు. కవాటం సరిగా మూసుకోవడం లేదు. క్లోరోఫారం ఇస్తే బల్ల మీదే పోవచ్చన్నారు.

"మందొద్దులెండి బాబూ," అన్నాడు వీరన్న. "మీరు కొయ్యండి, నేను చూస్తుంటాను."

"ఏంటి చూసేది? కొబ్బరికాయ కొట్టడం అనుకున్నావా?" అని సూరమ్మ అతని మీద విరుచుకుపడి, మావైపు తిరిగింది. "ఒంట్లో ముప్పై రెండు భాగాలున్నాయని పొద్దస్తమానం లెక్కెడతాడండి. కాళ్ళో ముల్లు దిగితే మటుకు కనపళ్ళేదండి ఈ మహానుభావుడికి!"

"అప్పుడు కొంగల్ని చూస్తన్నానక్కా," అన్నాడతను.

డాక్టరుగారు నవ్వారు గాని ఒక కట్టడి పెట్టారు. నాడి నిమిషానికి నూట ముప్పై దాటిందని నేను చెప్పిన మరుక్షణం కత్తి దించేస్తారు. ఆ గుండె అంతకు మించి ఓర్చదు. దించేస్తే మళ్ళీ ఎత్తే అవకాశం లేదు.

కాలు కార్బాలిక్ నీళ్ళతో కడిగాము. రోగి మత్తులో లేకపోతే మణికట్లు తోలుపట్టీలతో బల్లకు కట్టాలి. నేనే కట్టాను. పట్టీ సరిగ్గా నాడి ఉండేచోటే బిగిసింది. మూడు వేళ్ళు పట్టే సందు లేదు. విప్పి మళ్ళీ కట్టే ఓపిక లేక బొటనవేలు లోపలికి దూర్చి, రెండో చేతిలో గడియారం పట్టుకున్నాను.

మొదటి గాటు పడింది. వీరన్న అరవలేదు. కళ్ళు మూసుకుని, "చర్మం," అన్నాడు. కత్తి లోపలికి దిగింది. "మాంసం." ఆ తరువాత, "నరాలు."

నా ఒళ్ళు జలదరించింది. మద్రాసులో శవాన్ని కోస్తూ నేను నేర్చుకున్న వరుస అదే! డాక్టరుగారి కత్తి ఏ పొరలో ఉందో నాకు బయటి నుంచి కనిపిస్తోంది. ఈ మనిషి అదే పాఠాన్ని లోపలి నుంచి చదువుతున్నాడు. ఆ ఉత్సాహంలోనే పావు నిమిషం లెక్కపెట్టాను. ముప్పై మూడు.

"నూట ముప్పై రెండండీ!" అన్నాను.

కత్తి ఆగింది. డాక్టరుగారి ముఖం వాడిపోయింది. కట్టు గుడ్డ కోసం చెయ్యి చాచారు.

"ఆపకండి బాబూ," అన్నాడు వీరన్న కళ్ళు తెరవకుండానే. "అది నాది కాదండి. ఈయనగారి బొటనవేలు నా చేతిమీద దడదడలాడిపోతందండి."

డాక్టరుగారు తానే వంగి అతని మెడ దగ్గర మూడు వేళ్ళు ఆనించి, నా గడియారం చూస్తూ లెక్కపెట్టారు. ఎనభై ఎనిమిది.

"ఈయన్ని కూడా పక్కబల్ల మీద పడుకోబెట్టాలా ఏంటి?" అన్నారు కాంపౌండరుతో. కాంపౌండరు తల అటు తిప్పుకున్నాడు.

బొటనవేలిలో సొంత నాడి ఉంటుంది, దానితో రోగి నాడి చూడకూడదు. ఇది మాకు మొదటి నెలలోనే నేర్పుతారు. పట్టీ విప్పి, మూడు వేళ్ళతో పట్టుకున్నాను. ఎముక కత్తెర బిగిసినప్పుడు అతని పెదవులు వణికాయి. "ఎముక," అన్నాడు. నాడి నూట పదికి పోయి, మెల్లగా దిగింది. రెండు వేళ్ళూ తీసి, కుట్లు వేశాం. పాదం దక్కింది.

కట్టు మార్చే రోజుల్లో నొప్పి లేదా అని అడిగాను.

"లేకేమండి, బోలెడుంది. అది పడేవాడు ఎవడా అని ముప్పై రెండూ వెతికానండి. ఆడు దొరకలేదు."

తెగిన నరం వార్త మెదడుకు చేరాకే నొప్పి తెలుస్తుందని నేను చెప్పాను. అతను శ్రద్ధగా విని, "ఆ మెదడూ లెక్కలో ఉందండి," అన్నాడు. "మరి దాన్ని కనిపెట్టి చూసేదెవరండి?" నా పుస్తకాల్లో దానికి సమాధానం లేదు. ఉద్యోగం విరమించేదాకా వెతికినా దొరకలేదు.

నలభై రోజులకు అతను కర్ర పట్టుకుని పడవ దాకా నడిచాడు. వెనక సూరమ్మ, "కింద చూసి నడవరా," అని గదమాయిస్తూనే ఉంది.

ఆ నాటి నుంచి ఏ రోగి చెయ్యి పట్టుకున్నా ముందు నా నాడి చూసి రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవారికీ అదే నేర్పాను. ఎదుటివాడి స్థితిని చెప్పవలసినవాడు తన స్థితిని ముందు తెలుసుకుని ఉండాలి. ఆ సంవత్సరం డైరీలో జూన్ పదిహేడు పుటలో నూట ముప్పై రెండు అనే అంకె కొట్టివేసి ఉంటుంది. ఆ రాత తప్పని చాలాకాలం అనుకున్నాను. ఈమధ్య మళ్ళీ తీసి, దాని పక్కన నా పేరు రాశాను.