వంగవద్దని చెప్పలేదు

ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను తెలుగు సరిహద్దులోని కోంటా వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఫిజియోథెరపిస్టుగా వేశారు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా యంత్రం అక్కడ లేదు. పెద్దవాళ్లకు చిన్నగా జారిపడ్డా మణికట్టు విరిగిందంటే, ఎముక గుల్లబారిందని అనుమానించి పని మొదలుపెట్టేవాళ్లం.

కిరాణా దుకాణం నడిపే సత్యవతమ్మ అలాగే మణికట్టు విరిగి వచ్చింది. అరవై దాటిన మనిషి. డాక్టరుగారు రాసిన మాత్రలు ఆమె కడుపుకు పడలేదు. కట్టు విప్పాక, తిండి, ఎండ, కసరత్తులతోనే చూడమని నాకు అప్పగించారు. అప్పట్లో నాకు హుషారెక్కువ. మండియా జావ తాగమన్నాను. అక్కడ రాగులను మండియా అంటారు. నువ్వులు, మునగాకు తినమన్నాను. పొద్దుటెండలో కసరత్తు చేయమని, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం చేసి చూపించాను. ఆమె చేత చేయించలేదు. బయట వరుస పెద్దగా ఉంది.

మూడు వారాలకు నడుము పట్టుకుని వచ్చింది. ఏం చేస్తున్నారంటే సూర్యనమస్కారాలంది.

"మీరే గద మేడమ్, ఎండల కసరత్తు చేయమన్నరు? దేవుడికి దండం, ఒంటికి కసరత్తు, రెండూ అయితయనుకున్న. ఏంది, తప్పా?"

గుల్లబారిన వెన్నుకు ముందుకు వంగడమే ప్రమాదం, పూస ముందువైపు నలిగిపోతుంది. ఆ మాట నేను చెప్పనే లేదు.

ఎక్స్‌రేకి జగదల్‌పూర్ పంపాం. దారి కుదుపులకు ఇంకేమవుతుందోనని మరో భయం. ఫిల్మ్ వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఆమె మంచాన పడితే కారణం నేనే.

ఒక పూస నలిగింది. ఈ మూడు వారాల్లోనా, అంతకుముందేనా అని డాక్టరుగారిని అడిగాను. మీరు మొదట్లోనే వెన్ను ఎక్స్‌రే తీయించమని అడిగి ఉంటే తెలిసేదన్నారు.

నొప్పి తగ్గాక సత్యవతమ్మ, "వంగొద్దంటే బస్తాలకెల్లి పప్పు ఎట్ల తియ్యాలె?" అని నిలదీసింది. దుకాణానికి వెళ్లి చూస్తే బస్తాలన్నీ నేల మీదే. రోజంతా ఏం పని చేస్తుందో కూడా నేను అడగలేదు. బల్లలు వేయించి సరుకంతా నడుమెత్తుకు చేర్పించాం. ఆమె మళ్లీ దుకాణంలో నిలబడింది, మండియా జావను మాత్రం తిట్టుకుంటూనే తాగింది.

రిటైరయ్యేదాకా రోగి నా ఎదుట చేసి చూపిస్తేగాని ఇంటికి పంపలేదు. చీటీలో మొదట చేయకూడనిదే రాసేదాన్ని. ఆ పూస ఎప్పుడు నలిగిందో నాకు ఈనాటికీ తెలియదు.