ఎడమ మూల

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇప్పుడు నేనే చెప్పాల్సి వస్తోంది, అదింకా మంట.

2012లో శంషాబాద్ దాటాక, కొత్తూరు వెళ్ళే దారిలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేసేదాన్ని. విమానాలు నెత్తిమీదుగా దిగుతుంటే కిటికీ అద్దాలు అదిరేవి.

క్యాన్సర్ కణాన్ని పెరగమని చెప్పే సంకేతాన్ని ఒక ప్రొటీన్ మోస్తుంది. మా మందు ఆ సంకేతాన్ని ఆపాలి. ఆపిందో లేదో చూడటానికి, కణాల్లోని ప్రొటీన్లను ఒక తెల్లటి పలచని పొర మీదికి ఎక్కించి యాంటీబాడీలో నానబెడతాం. సంకేతం నడుస్తుంటేనే ఆ యాంటీబాడీ ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. అప్పుడు నల్లటి గీత కనబడుతుంది.

పొర తిరగబడకుండా గుర్తుకోసం ఒక మూల కత్తిరిస్తాం. అందరం కుడి మూలే. మాతో పనిచేసే పక్క పల్లె రైతుల పిల్ల సుజాతది మాత్రం ఎడమచేతి వాటం. ఎడమ మూల కత్తిరించేది, అదీ గోరంత, వంపుగా.

మందు వేసినా గీత పోలేదని, అంటే మందు పనిచెయ్యట్లేదని తేల్చింది సుజాతే. మా బాస్‌కి అది మింగుడు పడలేదు. మీటింగులో అందరి ముందూ, "ఎడమచేత్తో చేసే పని ఇలాగే ఏడుస్తుంది" అన్నాడు. ఆ పిల్ల ఉద్యోగం పీకేశాడు. ఆ వానాకాలంలోనే సుజాత డెంగీతో పోయింది.

చూడటానికి వెళితే వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పు బిడ్డా, నా పిల్ల తప్పు చేసిందా?"

బాస్ మీద రక్తం మరిగిపోయింది. మర్నాడే అదే ప్రయోగం నా చేతులతో మొదలుపెట్టాను.

కుడి మూల నేనే కత్తిరించాను. పొరను యాంటీబాడీ డబ్బాలో వేసి, చల్లగదికి తాళం వేసి, ఉన్న ఒక్క తాళంచెవీ బ్యాగులో పెట్టుకుని కంపెనీ బస్సెక్కాను. పొద్దున తాళం తీసిందీ నేనే.

నా కోత ఉంది. ఎడమ మూలా కత్తిరించి ఉంది. గోరంత, వంపుగా. పొర తిరగబడిందనుకుందామంటే కోత ఒక్కటే ఉండాలి కదా, రెండెలా ఉంటాయి?

గీత కూడా వచ్చింది. మందు వేసిన చోట కూడా నల్లగా, ఖాయంగా వచ్చింది.

పట్టుకెళ్ళి బాస్ టేబుల్ మీద పెట్టాను. ఎడమ మూల దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ఎవరు కత్తిరించారని అడిగాడు. నేను కాదన్నాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పాపిష్టి మనిషి, అప్పుడైనా ఒప్పుకోవచ్చుగా! పైవాళ్ళకి మాత్రం సుజాతే ప్రయోగం పాడుచేసిందని చెప్పాడు. ఆ ఉద్యోగం ఆయన మొహాన కొట్టి వచ్చేశాను.

ఆ మూల ఎవరు కత్తిరించారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఎంత ఆలోచించినా కోపం తప్ప ఏమీ మిగలదు.

ఉద్యోగం మానేసిన రోజే సుజాత వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, నీ పిల్ల తప్పేమీ లేదని చెప్పాను. కోత సంగతీ చెప్పాను.

"ఎడమ దిక్కేనా?" అని అడిగింది.

"ఎడమ దిక్కే అమ్మా."

కొంగు నోట్లో కుక్కుకుంది.

"చిన్నప్పుడు ఆ చెయ్యి మీద నేనే వాతలు పెట్టిన, బిడ్డా."