అన్న కాలి ఫిల్ము

ఐదేళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్న పోయాక అది ఇంకా బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను సూర్యాపేటలో ఎక్స్‌రేలు తీస్తాను. తీయడం వరకే నా పని. అన్న ఆత్మకూర్‌లో గొర్రెలు కాసేవాడు. మోకాలి కింద ఎముకలో తిత్తి పెరిగి లోపల డొల్లయితే, మిర్యాలగూడలో డాక్టరు దాన్ని గీకేసి, ఆ ఖాళీలో పింగాణీ లాంటి పలుకులు నింపాడు. అవి మెల్లగా కరుగుతాయి. కరిగినచోట ఎముక, అన్న మాటలో బొక్క, పెరుగుతుంది. “ఫిల్ములో ఎముకలాగే పలుకులు కూడా తెల్లగానే కనిపిస్తాయి. నేను చూసేదాకా కాలు మోపొద్దు” అని డాక్టరు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

రెండు నెలలకు ఫిల్ము నేనే తీశాను. వెలుతురుకు పట్టి చూశాను. డొల్లంతా తెల్లగా నిండి ఉంది.

“బొక్క వచ్చిందా తమ్మీ? గొర్లు నా మొకం మర్సిపోయినట్టున్నయ్.”

“మంచిగ నిండిందన్నా. ఇగ నడువు.”

“డాక్టర్‌కు సూపియ్యొద్దా?”

“నేను సూస్తలేనా?”

“అవు మల్ల! ఇంట్లనే డాక్టర్‌ను పెట్టుకొని మిర్యాలగూడ దాక ఎందుకు పోవాలె?” అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చింది. డాక్టరు మాట నిజంగా మరిచిపోయానా? లేక ఒక్కసారైనా అన్న ముందు అన్నీ తెలిసినవాడిగా నిలబడాలన్న ఆశతో, గుర్తున్న మాటనే పక్కకు నెట్టానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

నాలుగో రోజు మంద వెనక పోతుంటే కాలు విరిగింది. ఎవరు నడవమన్నారని డాక్టరు కోప్పడ్డాడు. “నాదే తప్పు సార్, ఉరికిన” అన్నాడు అన్న. గొర్రెపిల్ల కాలువలో పడబోతే రెండడుగులు ఉరికాడట. నేను చూసింది సరైనదేనని, తన ఉరుకుడే కాలు విరిచిందని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

కాలు వంకరగా అతికింది. మందను అమ్మేసి కోదాడలో గోదాముకు కాపలా కూర్చున్నాడు. “తొందరపడితే నా లెక్క అయితది” అని పిల్లలకు చెప్పేవాడు. విన్న ప్రతిసారీ నిజం చెప్పేద్దామనుకున్నాను. ప్రతిసారీ ఏదో పని ఉన్నట్టు లేచిపోయాను.

పోయిన చలికాలం జ్వరంతో పోయాడు. చావుకీ కాలికీ సంబంధం లేదన్నారు. ఉండకపోవచ్చు. కానీ నాకు తగలాల్సిన తిట్లు తనను తానే తిట్టుకుంటూ బతికాడు.

వదినకు ఇంకా చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలియదు. ముందు ఇక్కడ రాస్తున్నాను. అన్న ఉరికినందుకు కాలు విరగలేదు. అక్కడ ఎముక లేదు. ఉందని నేను చెప్పాను.